ఆర్‌పీ మన వాళ్ళలో ఎక్కువా? నాలుగు వేలల్లో ఒకరు అనే లెక్క ఎవరిది?

అమ్మా, మీరు రాసిందంతా జాగ్రత్తగా చదివాను. వేరేవాళ్ళకి కూడా పనికొస్తుంది కాబట్టి ముందు మీ సంగతి క్లుప్తంగా చెప్పి మొదలుపెడతా. మీది భీమవరం దగ్గర ఊరు, అమ్మ వాళ్ళ తమ్ముణ్ణే చేసుకున్నారు, బాబుకి 12 ఏళ్ళు, పొద్దుగూకితే తడుముకుంటున్నాడని చూపిస్తే రెటినైటిస్ పిగ్మెంటోసా (ఆర్‌పీ) అన్నారు, డాక్టర్ గారేమో ఇది నాలుగు వేలల్లో ఒకరికి వస్తుంది అన్నారు, అమెరికాలో ఉన్న మీ పెద్దమ్మ గారబ్బాయి కూడా అదే లెక్క చెప్పి ఇది కేవలం దురదృష్టం అక్కా అన్నాడు, కానీ మీ చుట్టాల్లోనే ఇంకో ఇద్దరికి ఉంది కదా మరి అదెలా అని మీ అనుమానం. దాంతోపాటు మీ తమ్ముడికి మీ పెద్ద మావయ్య కూతురిని అనుకుంటున్నారు, చెయ్యొచ్చా వద్దా అనేది అసలు ప్రశ్న. నేను కళ్ళ డాక్టర్ని కాదు, రెటీనా జబ్బులున్న కుటుంబాలకి జెనెటిక్ కౌన్సెలింగ్ చెయ్యడం నా వృత్తి, ఎవరికి ఎవరు ఏమవుతారో కాగితం మీద గీసి లెక్క చెప్పడమే చాలా ఏళ్ళుగా చేస్తున్నా, కాబట్టి ఈ విషయంలో నాకు తెలిసింది చెప్తా.

మీ అనుమానం నిజమే. ఆ నాలుగు వేలల్లో ఒకరు అనేది మన లెక్క కాదు. యూరప్, అమెరికా జనాభాలో వచ్చిన అంకె అది, వైద్య పుస్తకాల్లో అదే అచ్చయింది, అదే అందరి నోటా తిరుగుతోంది. మన దగ్గర ఇంటింటికీ తిరిగి కళ్ళు చూసిన సర్వేల్లో ఈ జబ్బు చాలా ఎక్కువగా కనిపించింది. అయితే ఎక్కువ అనగానే మన జాతిలోనే ఏదో లోపం ఉంది అనుకునేవాళ్ళు ఉన్నారు, అది మాత్రం తప్పు. తప్పున్న జీన్లు ప్రపంచంలో అందరి దగ్గరా ఉన్నాయి, అవి ఎక్కడ ఎంతగా బయటపడతాయి అనేది పెళ్ళిళ్ళు ఎవరిలో ఎవరు చేసుకుంటారు అన్నదాన్ని బట్టి చాలావరకు ఉంటుంది.

జబ్బు గురించి రెండు ముక్కలు, తెలియనివాళ్ళ కోసం. రెటీనాలో మసక వెలుతురులో చూపునిచ్చే కణాలు ఉంటాయి, రాడ్లు అంటారు, వాటికి కావలసిన ఏదో ఒక జీన్‌లో తప్పు ఉండటం వల్ల అవి మెల్లగా చచ్చిపోతూ వస్తాయి. ముందు రేచీకటి, తర్వాత పక్క చూపు తగ్గడం, గుమ్మాలకీ మనుషులకీ తగులుకోవడం, చాలా ఏళ్ళకి మధ్య చూపు కూడా దెబ్బతినడం. రెటీనా మీద నల్లటి మచ్చలు డాక్టర్‌కి కనిపిస్తాయి, ఈఆర్‌జీ అనే పరీక్షలో కణాల స్పందన తగ్గినట్టు తెలుస్తుంది. మన పల్లెల్లో రేచీకటి అనగానే విటమిన్-ఎ లోపం అనుకుని క్యారెట్లు, మునగాకు, విటమిన్-ఎ చుక్కలతో సరిపెట్టేస్తారు, నిజంగా విటమిన్ లోపమైతే డోసు పడగానే రోజుల్లోనే తేడా తెలుస్తుంది, ఆర్‌పీ అయితే తెలియదు. ఈ తికమక వల్లే చాలామంది పిల్లలు నాలుగైదేళ్ళు ఆలస్యంగా వస్తారు, మీరు 12 ఏళ్ళకే పట్టుకున్నారు అంటే తొందరగానే పట్టుకున్నట్టు.

ఇప్పుడు లెక్కలు. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో 1984లో వచ్చిన అధ్యయనంలో దాదాపు 5,200 మందిలో ఒకరు. డెన్మార్క్‌లో దేశమంతా రికార్డు చేసి చూస్తే దాదాపు 3,900 మందిలో ఒకరు, నార్వేలో కూడా ఇంచుమించు అంతే. పుస్తకాల్లో ఉన్న నాలుగు వేలు ఇలాంటి చోట్ల నుంచి వచ్చిందే. అదే అమెరికాలో నవాహో అనే ఆదివాసీ తెగలో 1981లో చూస్తే దాదాపు 1,900 మందిలో ఒకరు. ఒకే దేశం, కానీ రెండింతలకి పైగా తేడా. నవాహోలు ఒక దశలో బాగా తగ్గిపోయి కొద్దిమంది నుంచి మళ్ళీ పెరిగిన జనం, ఆ కొద్దిమందిలో ఎవరో ఒకరి దగ్గర ఉన్న తప్పు జీన్ ఇప్పుడు వేలమంది దగ్గర ఉంటుంది. జెరూసలేం చుట్టుపక్కల 2015లో వచ్చిన లెక్క దాదాపు 2,100 మందిలో ఒకరు, అక్కడ అరబ్బుల్లోనూ కొన్ని యూదు సమూహాల్లోనూ దగ్గరి పెళ్ళిళ్ళు, సమూహం లోపలి పెళ్ళిళ్ళు ఎక్కువ.

మన వైపు వస్తే, చెన్నై నగరంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ 40 ఏళ్ళు దాటినవాళ్ళని చూసిన అధ్యయనం ఒకటి 2008లో వచ్చింది, నగరంలో 930 మందిలో ఒకరు, పల్లెల్లో 372 మందిలో ఒకరు. మీరు మళ్ళీ చదవండి, 372 లో ఒకరు. నాగపూర్ దగ్గర పల్లెల్లో చేసిన సెంట్రల్ ఇండియా సర్వేలో దాదాపు 750 మందిలో ఒకరు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996 నుంచి 2000 దాకా ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు పెద్ద సర్వే చేశారు, హైదరాబాద్ నగరం, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, మొత్తం 10,293 మంది, అంటే మీ జిల్లా కూడా అందులో ఉంది. మన దగ్గర అంధత్వానికి శుక్లాలు ఒక్కటే కారణం కాదు, మిగతావి కూడా లెక్కలోకి రావాలి అని గట్టిగా చెప్పిన సర్వే అది. దాదాపు అదే కాలంలో ఆంధ్రలో ఆరు అంధుల పాఠశాలల్లో పిల్లల్ని పరీక్షించిన అధ్యయనం ఇంకోటి ఉంది, అందులో రెటీనా జబ్బులూ వంశపారంపర్య కారణాలూ పెద్ద భాగం.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి మనకి పదింతలు ఎక్కువ అని రాసేసేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. డెన్మార్క్ అంకె పుట్టిన పిల్లాడి దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా అందరినీ కలిపి వేసిన లెక్క, అదీ ఆసుపత్రికి వచ్చి పేరు నమోదైనవాళ్ళు. చెన్నై, నాగపూర్ సర్వేలు 30, 40 దాటినవాళ్ళలో, ఇంటికి వెళ్ళి పిలుచుకొచ్చి కంటిపాప పెద్దది చేసి చూసినవి. వయసు పెరిగేకొద్దీ జబ్బు బయటపడుతుంది కాబట్టి ఆ వయసులో చూస్తే సహజంగానే ఎక్కువ దొరుకుతారు, ఎప్పుడూ ఆసుపత్రి గడప తొక్కనివాళ్ళు కూడా దొరుకుతారు. ఇంకోటి, నాలుగైదు వేల మందిని చూస్తే అందులో ఆర్‌పీ ఉన్నవాళ్ళు చేతివేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందే వస్తారు, ఇద్దరు ఎక్కువో తక్కువో అయితే చాలు ఆ ఎంతమందిలో ఒకరు అనేది ఎక్కడికో పోతుంది. దీనికి మంచి ఉదాహరణ బీజింగ్ సర్వే, అక్కడ కూడా 40 దాటినవాళ్ళనే ఇలాగే చూశారు, దాదాపు వెయ్యిమందిలో ఒకరు వచ్చింది. చైనాలో మేనరికాలు మన దక్షిణాదిలా లేవు కదా, మరి అంత ఎందుకొచ్చింది? చూసే పద్ధతి వల్ల కొంత. కొరియాలో ఇన్సూరెన్స్ రికార్డుల నుంచి తీస్తే లక్షకి దాదాపు 11 మందే తేలారు, అంటే తొమ్మిది వేలల్లో ఒకరు, అది రికార్డుకి ఎక్కినవాళ్ళ లెక్క మాత్రమే. బీజింగ్‌కీ కొరియాకీ మధ్య తొమ్మిదింతల తేడా మనుషుల్లో ఉందంటే నేను నమ్మను.

అందుకే నా అభిప్రాయం ఇది. పద్ధతి తేడాలు ఎంత తీసేసినా మన దక్షిణ భారతంలో ఈ జబ్బు యూరప్ కన్నా కచ్చితంగా ఎక్కువే, ఎన్నింతలు అనేది మాత్రం ఒక్క అంకెలో చెప్పలేం. చెన్నై అధ్యయనంలో ఒకే పద్ధతిలో ఒకే బృందం చూసినా పల్లెకీ పట్నానికీ రెండింతల తేడా వచ్చింది, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఆ తేడానే, ఎందుకంటే అక్కడ పద్ధతి మారలేదు, భాష మారలేదు, జనం చాలావరకు అదే జనం, పల్లెల్లో దగ్గరి సంబంధాలు ఎక్కువ.

దగ్గరి సంబంధం ఎలా పని చేస్తుందో మామూలు గుణింతంతోనే చూపిస్తా. ఆర్‌పీకి కారణమయ్యే జీన్లు 80కి పైనే ఉన్నాయి. వాటిలో చాలావాటిలో రెండు కాపీలూ (అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి) చెడితేనే జబ్బు వస్తుంది, ఒక్కటే చెడితే ఆ మనిషి పూర్తి ఆరోగ్యంగా ఉంటాడు, అతన్ని క్యారియర్ అంటాం. ఒక జీన్‌కి వందమందిలో ఒకరు క్యారియర్ అనుకోండి. ఏ సంబంధమూ లేని ఇద్దరు పెళ్ళి చేసుకుంటే ఇద్దరూ క్యారియర్లే అయ్యే అవకాశం పదివేలల్లో ఒకటి, అందులో బిడ్డకి రెండు చెడ్డ కాపీలూ వచ్చే అవకాశం నాలుగోవంతు, అంటే నలభై వేలల్లో ఒకటి. అదే జీన్, అదే జనం, కానీ మేనబావా మరదలూ చేసుకుంటే దాదాపు మూడువేలల్లో ఒకటి. మేనమామా మేనకోడలూ అయితే దాదాపు పదిహేను వందల్లో ఒకటి. అంటే 13 రెట్లు, 26 రెట్లు. ఎందుకంటే ఇద్దరూ ఒకే ముసలి జంట వారసులు, ఆ ముసలివాళ్ళ దగ్గరున్న చెడ్డ కాపీ రెండు దారుల్లో కిందకి దిగి మళ్ళీ ఒకే బిడ్డలో కలుసుకునే వీలు ఏర్పడుతుంది. ఇలాంటిది ఒక జీన్ కాదు, రెండు కాపీలూ చెడితే జబ్బు వచ్చే జీన్లన్నిటికీ విడివిడిగా ఇదే జరుగుతుంది కాబట్టి అన్నీ కలిపితే అంకె పెద్దదవుతుంది. అలా అని మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లో వస్తుందని కాదు, ఎక్కువమందికి పిల్లలు బాగానే పుడతారు, మీ ఊళ్ళోనే చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) ప్రకారం దేశం మొత్తం మీద దగ్గరి పెళ్ళిళ్ళు దాదాపు 11 శాతమే, తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రల్లో మాత్రం నాలుగోవంతుకి అటూ ఇటూ. జనాభా మొత్తం మీద లెక్కేస్తే ఆ తేడా కళ్ళ ఆసుపత్రుల్లో కనిపిస్తుంది.

మేనరికం ఒక్కటే కాదు, ఇది చాలామందికి తెలియని సంగతి. మాకు దగ్గరి సంబంధమే కాదండీ, బయటి సంబంధమే, అయినా ఎందుకొచ్చింది అని అడిగే తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఊరు వేరే, ఇంటిపేరు వేరే, గోత్రం వేరే, కానీ కులం ఒకటే. 2017లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్‌లో డేవిడ్ రైక్ బృందం కలిసి దక్షిణాసియాలో 260కి పైగా సమూహాల్ని పరిశీలించారు, అందులో 81 సమూహాలు ఫిన్లాండ్ వాళ్ళకన్నా, అష్కెనాజీ (యూరప్ మూలాల) యూదుల కన్నా బలంగా కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చినవి అని తేలింది. జన్యు జబ్బుల గురించి ప్రపంచంలో ఎవరు మాట్లాడినా ఫిన్లాండ్, అష్కెనాజీ ఉదాహరణలే చెప్తారు, మన దగ్గర అంతకన్నా ఎక్కువగా ఉన్న సమూహాలు ఇన్ని ఉంటే వాటి మీద జరిగిన పని చాలా తక్కువ. తెలుగువాళ్ళలో దీనికి బాగా తెలిసిన ఉదాహరణ కళ్ళది కాదు, ఆర్యవైశ్యుల్లో ఒక ఎంజైమ్ తక్కువగా ఉండేవాళ్ళు మిగతా జనాభా కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, ఆపరేషన్‌కి ముందు కండరాల్ని సడలించే ఒక రకం మందు ఇస్తే వాళ్ళు తొందరగా కోలుకోరు, మన మత్తు డాక్టర్లకి ఇది అనుభవంలో తెలుసు. ఎవర్నీ తక్కువ చెయ్యడానికి చెప్పట్లేదు, ఏ సమూహానికి ఆ సమూహంలో ఏదో ఒకటి ఉంటుంది, తెలుసుకుంటే జాగ్రత్త పడొచ్చు అంతే.

ఒక జనాభాకీ ఇంకో జనాభాకీ తేడా ఎంతమందికి అనేదాంట్లోనే కాదు, ఏ జీన్ వల్ల అనేదాంట్లో కూడా ఉంటుంది, వైద్యం విషయంలో నిజానికి ఇదే ఎక్కువ ముఖ్యం. ఆర్‌పీకి మొట్టమొదట దొరికిన జీన్ తప్పుల్లో ఒకటి రోడాప్సిన్ అనే జీన్‌లోది, 1990లో బోస్టన్‌లో థాడియస్ డ్రైజా బృందం కనిపెట్టింది, పీ23హెచ్ అంటారు. అమెరికాలో తరతరానికీ నేరుగా వచ్చే రకం ఆర్‌పీలో దాదాపు పదోవంతు అదే, ఎప్పుడో ఒక్క పూర్వీకుడి నుంచి వచ్చింది, అందుకే అమెరికా బయట దాదాపు కనపడదు. జపాన్‌లో ఎక్కువగా ఈవైఎస్ అనే జీన్. అష్కెనాజీ యూదుల్లో డీహెచ్‌డీడీఎస్ అనే జీన్‌లో ఒకే ఒక్క తప్పు చాలా కుటుంబాల్లో ఉందని 2011లో తేలింది. ఫిన్లాండ్‌లో వినికిడీ చూపూ రెండూ పోయే అషర్ సిండ్రోమ్‌లో మిగతా చోట్ల అరుదైన మూడో రకం ఎక్కువ. మన దగ్గర రెండు కాపీలూ చెడితే వచ్చే రకాలదే పైచెయ్యి, అదీ ఒక్కో కుటుంబంలో ఒక్కోటి, దేశమంతటికీ ఇదీ అని ఒక జీన్ చూపించలేం.

ఇది మందుల దగ్గర ఎలా తగులుతుందో చూడండి. 2017 డిసెంబర్‌లో అమెరికాలో లక్స్‌టర్నా అనే జీన్ థెరపీకి అనుమతి వచ్చింది, రెండు కళ్ళకీ కలిపి ఎనిమిదిన్నర లక్షల డాలర్లు, అది ఆర్‌పీఈ65 అనే ఒక్క జీన్ చెడినవాళ్ళకే, మిగతా అందరికీ పనికిరాదు. రాబోయే మందులు కూడా చాలావరకు ఒక్కో జీన్‌కి ఒకటి అన్నట్టే తయారవుతున్నాయి, ఏ జీన్ మీద పెట్టుబడి పెట్టాలి అనేది ఎక్కువగా యూరప్ మూలాల వాళ్ళలో ఏది ఎక్కువ అన్నదాన్ని బట్టే నడుస్తోంది. మన పిల్లల జీన్లు ఏంటో మన దగ్గర లెక్క తేలకపోతే ఆ మందుల వరసలో మన జీన్లు ఎప్పటికీ వెనకే ఉంటాయి, నాకు ఈ విషయంలో నిజంగా ఆవేదన ఉంది. ఇంకో చిక్కు, జీన్ టెస్ట్ రిపోర్టుల్లో తేడా కనపడింది కానీ దాని అర్థం తేలలేదు అని రాసిస్తారు, మనవాళ్ళకి ఇది ఎక్కువ వస్తుంది, పోల్చి చూసుకునే డేటాలో ఎక్కువ భాగం యూరప్ మూలాల వాళ్ళది కాబట్టి. అలా వస్తే టెస్ట్ దండగ అని పారెయ్యకండి, తల్లిదండ్రుల శాంపిల్స్ కూడా చేయిస్తే చాలాసార్లు తేలిపోతుంది, ఆ రిపోర్టు దాచుకుని రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ చూడమని అడగండి, డేటా పెరిగేకొద్దీ అర్థం తేలుతుంది.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. మేనమామని చేసుకున్నారు, బాబుకి వచ్చింది, కాబట్టి రెండు కాపీల రకమే అని మీరు తేల్చేసుకున్నారు, బహుశా అదే, కానీ పెళ్ళి నిర్ణయం దాని మీద పెట్టడానికి బహుశా సరిపోదు. ఎందుకంటే మీకు జబ్బు వచ్చింది మగపిల్లాడికి. ఎక్స్ క్రోమోజోమ్ (మగవాళ్ళకి ఒకటే, ఆడవాళ్ళకి రెండు ఉంటాయి) మీద ఉండే రకం ఒకటి ఉంది, ఆర్‌పీజీఆర్ అనే జీన్ వల్ల ఎక్కువ, అది తల్లి ద్వారా కొడుక్కి వస్తుంది, దాంట్లో మేనరికానికి ఏ పాత్రా లేదు. మీ చుట్టాల్లో ఇంకో ఇద్దరికి ఉంది అన్నారు, వాళ్ళు మగవాళ్ళా ఆడవాళ్ళా, మీకు అమ్మ వైపా నాన్న వైపా అనేది మీరు రాయలేదు, అది చాలా ముఖ్యం. అమ్మ వైపు మగవాళ్ళకే, అదీ ఆడవాళ్ళ ద్వారా వచ్చినట్టు ఉంటే ఈ రకం గురించి కచ్చితంగా ఆలోచించాలి. అప్పుడు లెక్క పూర్తిగా మారిపోతుంది: మీ తమ్ముడికి పెద్దయ్యాక చేసిన పరీక్షల్లో కళ్ళు పూర్తిగా బాగున్నాయి అంటే ఆ చెడ్డ జీన్ అతనికి రాలేదనే అర్థం, పిల్లలకి అతని నుంచి వచ్చే ప్రసక్తే లేదు. కానీ మీ చెల్లెళ్ళుంటే వాళ్ళకి అవకాశం సగం. మీ రెటీనా కూడా ఒకసారి చూపించుకోండి, ఆ రకం క్యారియర్ ఆడవాళ్ళలో కొందరికి రెటీనా మీద గుర్తులు కనిపిస్తాయి.

అదే టెస్ట్‌లో రెండు కాపీల రకం అని తేలిందనుకోండి, మీకూ మీవారికీ ఒకే తప్పు ఉందనుకోండి. అప్పుడు ఆ తప్పు మీ అమ్మమ్మా తాతయ్యల్లో ఒకరి నుంచి వచ్చింది. మీవారికి నేరుగా వచ్చింది, మీకు మీ అమ్మ ద్వారా వచ్చింది. మీ అమ్మ క్యారియర్ కాబట్టి మీ తమ్ముడు క్యారియర్ అయ్యే అవకాశం సగం. మీ పెద్ద మావయ్యకి కూడా సగం, ఆయన కూతురికి నాలుగోవంతు. సగాన్ని నాలుగోవంతుతో హెచ్చవేసి, ఇద్దరూ క్యారియర్లయితే బిడ్డకి నాలుగోవంతు అని మళ్ళీ హెచ్చవేస్తే 32లో ఒకటి. అంటే మూడు శాతం. మీ తమ్ముడు అదే ఏ సంబంధమూ లేని అమ్మాయిని చేసుకుంటే, ఆ జీన్‌కి వందలో ఒకరు క్యారియర్ అన్న లెక్కన 800లో ఒకటి. 32కీ 800కీ ఎంత తేడా ఉందో చూడండి. ఈ జబ్బు గురించి అయితే మీ కుటుంబానికి దేశం లెక్క, జాతి లెక్క ఏవీ అక్కర్లేదు, ఈ 32 అక్కర.

కానీ 32లో ఒకటి అనేది టెస్ట్ చెయ్యకముందు మాట. జీన్‌లో తప్పు ఏంటో బాబు రిపోర్టులో తెలిశాక మీ తమ్ముడికీ ఆ అమ్మాయికీ ఆ ఒక్క తప్పు ఉందా లేదా అని రక్తం తీసి చూడొచ్చు, మొత్తం పరీక్ష అక్కర్లేదు కాబట్టి ఖర్చు తక్కువ. ఇద్దరిలో ఏ ఒక్కరికి లేకపోయినా ఈ జబ్బు గురించి ఆ పెళ్ళికి భయం లేదు. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగోవంతు, అప్పుడు నా సలహా ఆ సంబంధం వద్దనే. ఇష్టపడి ఉంటే మాత్రం అప్పటికీ దారులున్నాయి, జీన్ తెలిస్తే గర్భంలో పరీక్షించడం, ఐవీఎఫ్‌లో పిండాన్ని పరీక్షించి పెట్టడం లాంటివి. మిగతా జన్యు జబ్బుల విషయంలో మాత్రం మేనరికానికి ఉండే మామూలు రిస్క్ అలాగే ఉంటుంది, అది మర్చిపోకూడదు.

మీ నాన్న గారి వైపు, అంటే మేనత్త కూతురి సంబంధం కూడా ఉంది అని చివర్లో ఒక ముక్క రాశారు. ఈ ఒక్క జబ్బు వరకే చూస్తే మేనత్త కూతురు వేరే దారి, తప్పు మీ అమ్మ వైపు నుంచి వచ్చింది కాబట్టి మీ నాన్న చెల్లెలి కూతురికి అది ఉండే అవకాశం బయటి అమ్మాయికి ఉన్నంతే. కానీ మన ఇళ్ళల్లో ఇంత తేలిగ్గా ఉండదు కదా, మీ అమ్మా నాన్నలది కూడా దూరపు మేనరికమే అని తర్వాత ఎప్పుడో తెలుస్తుంది, ఆ మేనత్తకి మీ అమ్మ వైపు వాళ్ళనే ఇచ్చి ఉంటారు (కుండమార్పిడి పెళ్ళిళ్ళు మీ వైపు బాగానే ఉంటాయి). అందుకే మూడు తరాల పేర్లూ, ఎవరికి ఎవరు ఏమవుతారూ, ఎవరికి చూపు సమస్య ఉండేది అనేది పెద్దవాళ్ళని కూర్చోబెట్టి రాయించండి. మీ అమ్మమ్మ గారు ఉన్నారు కాబట్టి ఆవిడ కన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

ఆవిడ గురించి ఒక మాట. మీ అమ్మమ్మే మీకు అత్తగారు, నువ్వు కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు బయట తిరిగావు అందుకే అంటున్నారు అని రాశారు. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదమ్మా. మీరు తిన్నదానికీ, తినకపోయినదానికీ, ఫోన్ చూసినదానికీ, ఎండలో తిరిగినదానికీ దేనికీ సంబంధం లేదు. ఆ తప్పు మీరు పుట్టకముందే మీ రక్తంలో ఉంది. రెండు కాపీల రకమైతే ఒకటి మీ నుంచి, ఒకటి మీవారి నుంచి సమానంగా వచ్చాయి, రెండూ ఆ పై తరం నుంచే. ఆవిడకి ఇది కోపంగా చెప్పకండి, ఆవిడా బాధలోనే అలా అంటారు, కౌన్సెలింగ్‌కి వెళ్ళేటప్పుడు ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళండి. తెల్లకోటు వేసుకున్నవాళ్ళు బొమ్మ గీసి చూపిస్తే పెద్దవాళ్ళు వింటారు, ఇది నేను ఎన్నోసార్లు చూశాను.

అమెరికాలో ఉన్న మీ పెద్దమ్మ గారబ్బాయికి కూడా ఒక మాట చేరవెయ్యండి. అక్కడికి వెళ్ళినంత మాత్రాన లెక్క మారదు, ఆయన కూడా మీ అమ్మమ్మ మనవడే, పెద్దమ్మకి సగం, ఆయనకి నాలుగోవంతు. ఆయన భార్య బయటి కుటుంబం అయితే పిల్లల గురించి పెద్దగా భయపడక్కర్లేదు. ఆవిడ కూడా మీ బంధువర్గంలోని అమ్మాయే అయితే మాత్రం బాబు రిపోర్టు వచ్చాక కాపీ పంపించండి, అక్కడి డాక్టర్‌కి చూపిస్తారు, నాలుగు వేలల్లో ఒకరు అనే అంకె చూసి వదిలేయొద్దని చెప్పండి.

బాబు విషయంలో చెయ్యాల్సినవి. జీన్ టెస్ట్ హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్‌లో, చెన్నైలో శంకర నేత్రాలయలో, మదురై అరవింద్‌లో జన్యు విభాగాల ద్వారా చేయించొచ్చు, ఖర్చు వేలల్లో ఉంటుంది, ముందే అడిగి తెలుసుకోండి. వినికిడి పరీక్ష తప్పకుండా చేయించండి, అషర్ సిండ్రోమ్ కాదని తేల్చుకోవాలి. పుట్టినప్పుడు ఆరో వేలు ఉందా, బరువు మరీ ఎక్కువా అనేది కూడా డాక్టర్‌కి చెప్పండి, దానికీ ఒక సిండ్రోమ్ ఉంది. ఏడాదికోసారి రెటీనా స్కాన్, ఎందుకంటే ఆర్‌పీలో మధ్య రెటీనాలో నీరు చేరడం, చిన్న వయసులోనే శుక్లం రావడం ఉంటాయి, అసలు జబ్బుకి మందు లేకపోయినా ఈ రెండిటికీ వైద్యం ఉంది, ఉన్న చూపు కాపాడుకోవచ్చు. విటమిన్-ఎ పెద్ద డోసు మీ అంతట మీరు వెయ్యకండి, లివర్‌కి చెడు, ఏబీసీఏ4 లాంటి కొన్ని జీన్లు చెడినప్పుడు రెటీనాకే హాని. స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో నయం చేస్తాం అనేవాళ్ళూ, మూడు నెలల చూర్ణంతో చూపు తెప్పిస్తాం అనేవాళ్ళూ మీ పేరు తెలిస్తే ఫోన్లు చేస్తారు, పొలం అమ్మి కట్టినవాళ్ళు నాకు తెలుసు, ఒక్కరికీ ఒరిగింది లేదు.

స్కూల్లో ముందు బెంచీ, మంచి వెలుతురు, సాయంత్రం ట్యూషన్ నుంచి ఒక్కణ్ణీ సైకిల్ మీద రానివ్వకపోవడం. బోర్డు మీద అక్షరాలు బాగానే చదువుతున్నాడు కాబట్టి వికలాంగుల సర్టిఫికెట్ ఇవ్వరు అనుకుంటున్నారేమో, 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం పక్క చూపు 40 డిగ్రీల కన్నా తగ్గినా అల్పదృష్టి కింద, 10 డిగ్రీల కన్నా తగ్గితే అంధత్వం కింద లెక్క, అందుకని ఫీల్డ్ టెస్ట్ చేయించి ఆ రిపోర్టుతో అప్లై చెయ్యండి. పదో తరగతి పరీక్షలకి అదనపు సమయం అడగాలన్నా ఆ సర్టిఫికెట్ ఉండాలి, ఇప్పట్నుంచే మొదలుపెడితే అప్పటికి చేతికొస్తుంది.

మీ పాపకి ఏడేళ్ళు అన్నారు కదా, తనకి కళ్ళ పరీక్ష, వీలైతే ఈఆర్‌జీ ఇప్పుడే చేయించండి. జబ్బు లేదని తేలితే క్యారియర్ టెస్ట్ మాత్రం ఇప్పుడు వద్దు, పెద్దయ్యాక తనే నిర్ణయించుకుంటుంది. మీ తమ్ముడి సంగతికొస్తే ముహూర్తాలు పెట్టుకునే ముందు బాబు శాంపిల్ ఇచ్చేయండి, రిపోర్టు రావడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ తర్వాత వాళ్ళిద్దరి రక్తపరీక్షకి ఇంకొన్ని. తాంబూలాలు అప్పటిదాకా ఆపమని మీ పెద్ద మావయ్యకి మీ నాన్న గారి చేత చెప్పించండి, రిపోర్టు వచ్చాక జీన్ పేరూ, ఆ చుట్టాలిద్దరూ మీకు ఎవరెవరు అవుతారో రాయండి, లెక్క మళ్ళీ వేసి చెప్తా.